మా లైన్ టెస్టు మీద వెటకారం వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య ఒక ఆదివారం మీ పత్రికలో రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపుల మీద ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన చెయ్యి తిరిగినవాడే, చదువుతుంటే నాకే రెండుమూడు చోట్ల నవ్వొచ్చింది. పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ, టిఫినయ్యాక బీపీ మిషన్ ఫొటో, సాయంత్రం కుక్కపిల్ల వీడియో, రాత్రి నిద్ర పట్టడం లేదని గోల, ఇంతకుమించి వీళ్లకి మాటలే లేవా అని ఆయన విసుక్కున్నారు. ఆ టైములో మంచి పుస్తకం చదువుకోవచ్చుగా అని సలహా కూడా ఇచ్చారు. పుస్తకాలూ చదువుతాం బాబూ. చదివి, కళ్లజోడు నంబరు మారిందని గ్రూపులో చెప్పుకుంటాం.

ఆయన ఎగతాళి చేసిన ఆ మాటల గురించే ఈ ఉత్తరం. పొడుగైపోతే మధ్యలో ఎక్కడైనా కోసుకోండి కాని, చివర అడిగింది మాత్రం కొయ్యకండి.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి బయటికొచ్చినదాన్ని. ఉండేది తాడేపల్లిగూడెం. నేను చేరిననాటికి ఊరు దాటి ఫోన్ చెయ్యాలంటే 180కి చేసి ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలి. మేం టికెట్ రాసుకుని, అవతలి ఊరి ఆపరేటర్‌ని పిలిచి, నంబరు చెప్పి, లైన్ కలిపి, మూడు నిమిషాలు కాగానే ‘ఇంకా మాట్లాడతారా’ అని అడగాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని కాల్స్‌లో రకాలు. అర్జెంట్‌కి రెట్టింపు డబ్బులు, లైట్నింగ్ అయితే దానికీ ఎన్నో రెట్లు. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ కాల్. పురిటి కబురు, చావు కబురు, ఇంటర్ ఫలితం, పెళ్లివారి జవాబు అన్నీ మా చెవుల పక్కనుంచే వెళ్లేవి.

లైన్లు కలిపే ఆ బోర్డు మీద మాకు పేర్లుండేవి కావు. అవతలావిడ ‘ఏలూరు’, ఇంకొకావిడ ‘తెనాలి’, మరొకావిడ ‘నెల్లూరు’. నేను ‘గూడెం’. విజయవాడ మీదుగా కలిసే కొత్తగూడెం ఆవిడ కూడా గూడెమే కాబట్టి తికమక లేకుండా ఆవిడ్ని ‘సింగరేణి’ అనేవాళ్లం. నైట్ డ్యూటీలో పన్నెండు దాటితే కాల్స్ పల్చబడతాయి. అప్పుడు మొదలయ్యేది. ‘ఏంటి నెల్లూరూ, గొంతు బొంగురుపోయింది?’ ‘పొద్దున వానలో తడిశానే.’ ‘మిరియాల పాలు తాగి పడుకో.’ ‘పడుకోడానికి డ్యూటీ దిగొద్దూ!’ రూల్ ప్రకారం ఇది తప్పు. మానిటర్ సీట్లో ఉన్నావిడ మధ్యలో విని తిట్టేది. తిట్టడం అయ్యాక ఆవిడే ‘ఇంతకీ జ్వరం తగ్గిందా నెల్లూరుకి?’ అని అడిగేది. తెనాలికి నెల తప్పిందన్న సంగతి వాళ్ల అత్తగారికన్నా ముందు మా బోర్డుకే తెలిసింది. ఇన్నేళ్లు మాట్లాడుకున్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తెనాలిని నేను మొదటిసారి చూసింది వాళ్లబ్బాయి పెళ్లిలో. ఆవిడ మాట్లాడేదాకా గుర్తుపట్టలేకపోయాను.

అంచేత మొహం చూడని స్నేహాలు ఏం స్నేహాలు అని మీ వ్యాసకర్త అడిగినప్పుడు, ఆయన వయసెంతో నాకు ఇట్టే తెలిసిపోయింది.

ఆపరేటర్ అక్కర్లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ మన దేశంలో 1960లోనే కాన్పూర్, లక్నోల మధ్య మొదలైందట. మా దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక బోర్డులు తీసేశారు. మమ్మల్ని నంబర్లు చెప్పే 197కి, ఫిర్యాదులు రాసుకునే 198కి, బిల్లు కౌంటర్లకి సర్దారు. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద 78 వేలమందికి పైగా బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులు ఒక్కరోజే వీఆర్ఎస్‌లో బయటికొచ్చాం. పెన్షన్ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కోడానికి ఏలూరు ఒక గ్రూపు పెట్టింది. దానికి ‘ట్రంక్ బోర్డ్’ అని పేరు. ఊపిరి పీల్చుకునేలోగా మార్చి నెలాఖరుకి లాక్‌డౌన్. కాగితాల సంగతి మూలకు పోయి, ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారు అన్నదే మాటయింది. అప్పుడు అలవాటైన ఒక పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

పొద్దున్నే లైన్ టెస్టు. ఎక్స్ఛేంజీలో పొద్దున డ్యూటీ ఎక్కగానే లైన్లన్నీ ఒకసారి పలకరించి చూసుకునేవాళ్లం, ఏది పలుకుతోంది, ఏది చచ్చిందీ అని. అదే ఇప్పుడు మనుషులకి. తొమ్మిదిలోపు ప్రతివాళ్లూ ఏదో ఒకటి పెట్టాలి. గులాబీ పువ్వు పెట్టినా సరే, వేలు పైకెత్తిన బొమ్మ పెట్టినా సరే. అవును, మీ వ్యాసకర్త నవ్విన ఆ గులాబీ పువ్వే. పది దాటినా పలక్కపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే ‘వయా నంబరు’కి చేస్తారు. నేరుగా లైన్ లేనప్పుడు మేం వేరే ఊరి మీదుగా ‘వయా’ కలిపేవాళ్లం కదా, ఆ లెక్కన ప్రతి ఒక్కరూ పక్కింటివాళ్లదో, కింద వాటావాళ్లదో ఒక నంబరు గ్రూపులో ఇచ్చి ఉంచారు. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో. పక్కింటావిడ అయితే చెప్పులేసుకునేలోపు వస్తుంది. పెన్షనర్లం బతికే ఉన్నామని గవర్నమెంటుకి ఏడాదికోసారి నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. గ్రూపులో రోజూ ఇస్తాం.

ఇంకో సంగతి. మా గ్రూపులో టైపు చేసేవాళ్లు తక్కువ, వాయిస్ మెసేజ్‌లే ఎక్కువ. గొంతుల మీద బతికినవాళ్లం కదా, చెవులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఏలూరు ‘బాగానే ఉన్నాలే’ అంటే, ఆ ‘లే’ దగ్గరే తెలిసిపోతుంది కోడలితో ఏదో అయిందని.

కిందటి కార్తీకంలో ఒక సోమవారం తెనాలి ఉపవాసం ఉంది. పొద్దుటి షుగర్ మాత్ర మాత్రం అలవాటు కొద్దీ వేసేసుకుంది. మధ్యాహ్నం దాటాక ఉసిరికాయ పచ్చడికి ఉప్పు కొలత అడుగుతూ ఒక వాయిస్ పెట్టింది. కాయ పులుపును బట్టి అని ఒకరు, రాళ్ల ఉప్పయితే ఒక లెక్క, మెత్తటిదయితే ఒక లెక్క అని ఇంకొకరు. నెల్లూరు మాత్రం ‘ఉప్పు సంగతి తర్వాత, దాని మాట ముద్దముద్దగా వస్తోంది, మళ్లీ వినండి’ అని పెట్టింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వయా నంబరు కింద వాటాలో టైలర్ గారి భార్యది. ఆవిడ పైకి పరుగెత్తేసరికి తెనాలి వంటింటి గట్టుకి ఆనుకుని కింద కూర్చునుంది, ఒళ్లంతా చెమట, ‘నాకేం కాలేదు, మీరెళ్లండి’ అని వాదన కూడా వేసుకుంటోంది. మిషన్ పెట్టి చూస్తే షుగర్ 52. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పావుగంట ఆగి మళ్లీ చూస్తే పెరిగింది. అప్పుడు అన్నం పెట్టింది. ఆ రాత్రి తెనాలి గ్రూపులోకి వచ్చి థాంక్స్ చెప్పిందనుకుంటున్నారా? ‘నా కార్తీక సోమవారం చెడగొట్టారు’ అని మా అందరి మీదా మండిపడింది. గ్రూపులోనే ఉన్న ఏలూరు ఊరి లైన్‌మన్ గారు ‘అమ్మా, శివుడు మనకన్నా పెద్ద పెన్షనరు, ఆయన అర్థం చేసుకుంటాడు’ అనేదాకా కోపం దిగలేదు.

తర్వాత డాక్టర్ ఆమెకి వివరంగా చెప్పారు. కొన్ని రకాల షుగర్ మాత్రలు, గ్లిమిపిరైడ్ లాంటివి, తిండి తిన్నా తినకపోయినా షుగర్‌ని దింపేస్తాయి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే అడిగి, ఆ రోజు మాత్ర సంగతి తేల్చుకోవాలి. 70 కన్నా తగ్గితే పంచదారో, గ్లూకోజో వెంటనే నోట్లో పడాలి, మనిషి స్పృహలో ఉంటేనే సుమా. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి చెయ్యాలి. మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణం కూడా. షుగర్ మామూలుగా ఉండి మాట తడబడుతుంటే ఇంట్లో కూర్చుని నూనె రాసుకోకూడదు, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల గడువే ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి. ఉసిరికాయ పచ్చడి గురించి సోది లేకపోతే ఆ వాయిస్ మెసేజే లేదు. తనకి ఒంట్లో బాలేదని తెనాలికే తెలీదు, తెలిసినా చెప్పే మనిషి కాదు. పచ్చడి గురించి మాత్రం గొంతు పోతున్నా అడుగుతుంది.

మా మాటల్లో ఎన్ని ప్రశ్నలొస్తాయో మీ వ్యాసకర్తకి తెలిసినట్టు లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కాఫీ ఎంతసేపటికి తాగచ్చు? (అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం మాత్రకీ దానికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. ఇది మాలో సగంమందికి గ్రూపులో చెప్పుకుంటేనే తెలిసింది.) అరికాళ్లు తిమ్మిర్లెక్కితే అది షుగర్ వల్లా, బీ12 తగ్గడం వల్లా? మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గచ్చు, కాబట్టి రెండోది కూడా టెస్టు చేయించుకోవాలి. మోకాలి బెల్టు పడుకునేటప్పుడు తియ్యాలా? పెళ్లికెళ్లి మాత్ర మర్చిపోతే ఇంటికొచ్చాక రెండు వేసుకోవచ్చా?

బీపీ మిషన్ ఫొటోల సంగతికొస్తే, అందులో మీ వ్యాసకర్తతో నేను కొంత ఏకీభవిస్తాను. ఏలూరు మేడమెట్లెక్కి వచ్చి, ఆయాసం తగ్గకుండానే పట్టీ చుట్టుకుని, ‘168 వచ్చింది, నేను పోతున్నాను’ అని పెట్టేది. మాకు టెన్షన్. ఆ టెన్షన్‌కి మాకూ బీపీలు. చివరికి లైన్‌మన్ గారి కోడలు నర్సు కాబట్టి ఆ అమ్మాయి చేత ఒక వాయిస్ పెట్టించాం. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించాలి, కాళ్లు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కాఫీ తాగి అరగంటన్నా కావాలి, చూసుకుంటున్నంతసేపూ మాట్లాడకూడదు. ఈ ఆఖరిదే మాకు కష్టం. ఇప్పుడు ఏలూరుకి 138, 140 వస్తోంది. ఫొటో పెట్టడం మాత్రం మానలేదు.

ఇక జంతువులు. మనుషుల జబ్బులకన్నా వీటి గురించే మా గ్రూపులో మాటలెక్కువ.

నా దగ్గర ఒక నాటు కుక్క ఉంది. మా వీధి చివర పుట్టింది, వానకి మా అరుగెక్కి మళ్లీ దిగలేదు. పేరు లైట్నింగ్. అంత బద్ధకస్తుడికి అంతకన్నా తగిన పేరు దొరకలేదు. నెల్లూరుకి రెండు పిల్లులు. లైన్‌మన్ గారికి గేదె. గేదె పెంపుడు జంతువా అని ఎవరైనా అంటే ఆయనకి కోపమొస్తుంది. ఈనినప్పుడల్లా దూడ ఫొటో పెడతారు, ఇంటికెళ్తే జున్నుపాలు ఇస్తారు. గేదెకి ఒంట్లో బాలేనప్పుడు ఆయన 1962కి ఫోన్ చేస్తారు. పశువుల అంబులెన్స్ ఒకటుందని మాలో చాలామందికి ఆయన వల్లే తెలిసింది. సింగరేణి వాళ్లింట్లో పంజరంలో రామచిలక ఉండేది. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన రామచిలకల్ని ఇంట్లో పెంచడం నేరమని ఎవరో చెబితే, నెలరోజులు గింజుకుని, ఆఖరికి అటవీశాఖ వాళ్లకి అప్పగించింది. అదింకా తన పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉందట.

మాలో ఒకావిడ కూతురి దగ్గరికి డాలస్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఇప్పుడు ‘డాలస్’. అక్కడ కూతురి కుక్కని తిప్పడం ఆవిడ డ్యూటీ. చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని దాని వెనకాల నడవడం, అది చేసింది ఎత్తి చెత్తబుట్టలో వెయ్యడం. ‘పిల్లలకే ఇంత చెయ్యలేదే’ అని మొదట్లో ఏడుపు. మాకు రాత్రయితే ఆవిడకి పొద్దున కాబట్టి నిద్ర పట్టనివాళ్లందరికీ ఆవిడే దిక్కు, పాత నైట్ డ్యూటీ మళ్లీ మొదలైనట్టుంది. ఒక సంక్రాంతికి ఆవిడ పెట్టిన వాయిస్ నేను దాచుకున్నాను. కుక్కలకి పాయసం పెట్టకండి, అందులో కిస్‌మిస్ ఉంటుంది, ద్రాక్షపండైనా కిస్‌మిస్సైనా వాటి మూత్రపిండాలు పాడైపోవచ్చు అని అక్కడి డాక్టర్ చెప్పాడట. చాక్లెట్ కూడా పెట్టకూడదు. షుగర్ లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ కుక్కకి ఇంకా ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు, పచ్చివైనా వండినవైనా, రక్తంలో ఎర్రకణాలు చిట్లిపోతాయి, రెండుమూడు రోజులకి గాని బయటపడదు. మాది ఉల్లిపాయల మార్కెట్టున్న ఊరు. ఇక్కడ వీధికుక్కలకి ఎవరైనా ప్రేమగా పెట్టేది కుర్మా కలిపిన అన్నమే. ఈ ముక్క మా వీధిలో ఇంటింటికీ చెప్పాను. సగంమంది నమ్మారు. మిగతా సగం ‘మా తాతగారి కుక్క పులుసన్నం తిని పదిహేనేళ్లు బతికింది’ అన్నారు. ఆ కుక్కకి నా నమస్కారం.

నెల్లూరు పిల్లికి ఒకసారి జ్వరం వచ్చింది. సెలవులకొచ్చిన మనవడు డోలో మాత్ర చిదిపి పాలలో కలపబోయాడు. అదృష్టం కొద్దీ ‘పిల్లికి సగం వెయ్యాలా, పావు వెయ్యాలా’ అని నెల్లూరు గ్రూపులో అడిగింది. ‘వద్దు, వద్దు, వద్దు’ అని మూడుసార్లు డాలస్ నుంచే వచ్చింది, అక్కడ అర్ధరాత్రి. డోలోలో ఉండే పారాసెటమాల్‌ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. మన ఇళ్లలో అందరికన్నా ముందు గుర్తొచ్చే మాత్ర అదే, పిల్లికి విషం అదే. మీ పత్రికలో ఇంతవరకు ఈ ఒక్క వాక్యం నేను చదవలేదు. వేసి ఉంటే క్షమించండి, ఆ రోజు పేపరు మా ఇంటికి రాలేదనుకుంటాను.

గొడవలూ ఉన్నాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకి పంపమని సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ అదే నెలలో దాన్ని మార్చి, పిచ్చివీ, మీద పడేవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలమంది. దాంతో మా ట్రంక్ బోర్డ్ రెండుగా చీలింది. సింగరేణి మనవణ్ణి కుక్క కరిచి ఉంది, ఆవిడ బాధ ఆవిడది. నేను కుక్క పక్షం. మాటా మాటా పెరిగి, ‘నీ లైట్నింగ్‌ని నీ నెత్తిన పెట్టుకో’ అని ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి లైట్నింగ్ తిండి మానేశాడు. చిగుళ్లు పాలిపోయాయి, ఒళ్లు కాలిపోతోంది. లైన్‌మన్ గారు వీడియో కాల్లో చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో చూడమన్నారు. పిడుదులు. వాటివల్ల వచ్చే జ్వరం అది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి, దాదాపు నెల్లాళ్లు డాక్సీసైక్లిన్ వాడాం. ప్లేట్‌లెట్లు అనగానే గ్రూపులో డెంగ్యూ రోజులు గుర్తొచ్చి, బొప్పాయి ఆకు రసం పొయ్యమని ఏలూరు మొదలెట్టింది, దాన్ని ఆపడానికి ఒక పూట పట్టింది. ఆ గొడవ మధ్యలో సింగరేణి నాకు విడిగా ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. ‘అన్నం తింటున్నాడా వాడు?’ అంది. మర్నాడు పొద్దున లైన్ టెస్టులో ఆవిడ గులాబీ పువ్వు ఉంది.

ఆవిడ మనవడికి కుక్క కరిచినప్పుడు కూడా ముందు మాటలు నడిచింది గ్రూపులోనే. గాయం మీద పసుపు, కారం పెట్టాలని ఒకరు. మాలో అందరికీ గుర్తున్నది బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు. ఆ పాత టీకా మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు, భయం మాత్రం ఇంకా ఆగలేదు. ఆ భయంతోనే కొంతమంది అసలు ఆస్పత్రికే వెళ్లరు. ఇప్పుడు టీకా చేతికి వేస్తారు, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో. ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. కాని ముందు గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వెయ్యాలి. అది అడిగి వేయించుకోవాలి. ఇంట్లో పెంచుకునే కుక్కే కదా, పిల్లే కదా, చిన్న గీతే కదా అని ఊరుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు.

ఇంత పొగిడాను కాబట్టి గ్రూపుల్లో చెత్త లేదని అనుకుంటానని అనుకోవద్దు. ఉంది. గుండెనొప్పి వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమనే మెసేజ్ నాకు ఎన్ని చోట్లనుంచి వచ్చిందో! దగ్గుతూ కూర్చుంటే 108కి ఫోన్ చేసేదెవరు? వేడి కొబ్బరినీళ్లు తాగితే క్యాన్సర్ పోతుందనేది ఇంకొకటి. కోనసీమ పక్కన ఉన్నవాళ్లం, అదే నిజమైతే మా జిల్లాల్లో క్యాన్సర్ ఆస్పత్రి అవసరమే ఉండకూడదు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కి వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది, 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తోంది. మేం ఇంకో అడుగు వేశాం. రెండు బాణాలుంటే గ్రూపులోకి రానివ్వం. నీ ఒంట్లో జరిగింది చెప్పు, నీ కళ్లతో చూసింది చెప్పు, నీకు డాక్టర్ చెప్పింది చెప్పు. ఎవరో ఎక్కడో చెప్పింది మాకొద్దు. డ్యూటీలో ఉన్నప్పుడు కూడా అంతే కదా, పార్టీ చెప్పిన నంబరే రాసుకునేవాళ్లం, మా ఊహ కలిపేవాళ్లం కాదు. ఈ రూల్ పెట్టాక ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు, మేమూ పిలవలేదు.

ఇక నేను అడగదలచుకున్నది. మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. రోబో సర్జరీ, గుండె మార్పిడి, విదేశాల్లో కొత్త మందు, అన్నీ బాగుంటాయి. మా గ్రూపులో ఇంతవరకు ఎవరికీ రోబో అవసరం రాలేదు. ఉపవాసం రోజు మాత్ర సంగతి మాత్రం ఏటా వస్తుంది. కార్తీకానికి ముందు, రంజాన్‌కి ముందు, అయ్యప్ప దీక్షలప్పుడు షుగరున్నవాళ్లు ఏం చెయ్యాలో డాక్టర్ల చేత ఒక కాలమ్ రాయించండి. రాసే డాక్టర్ గారికి మాలాంటి ఏ గ్రూపులోవైనా ఒక వారం మెసేజ్‌లు చూపించి, అప్పుడు రాయమనండి. జనం అడిగేదేమిటో ఆయనకీ తెలుస్తుంది.

అదే పేజీలో జంతువులకి ఒక మూల ఇవ్వండి. పశువుల డాక్టర్లు రాస్తే పాడి గురించీ, కోళ్ల గురించీ రాస్తారు, అదీ కావలసిందే. కాని ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా ఇంటికో కుక్కో పిల్లో ఉంది, ఆదివారం పూట దానికి ఒంట్లో బాలేకపోతే చూసే దిక్కు లేదు. సోమవారం దాకా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేవాళ్లు కావాలి. కుక్కకి పెట్టకూడని తిండి, పిల్లికి వెయ్యకూడని మందులు, కుక్కపిల్లకి ఏ వయసులో ఏ టీకా, ఇవి ఒక్కసారి వేసి ఊరుకోకుండా రెండుమూడు నెలలకోసారి వేస్తుండండి. కుక్క కరిచినప్పుడు ఏం చెయ్యాలన్నది, మీ జిల్లా ఎడిషన్లో ఏ ఆస్పత్రిలో ఇమ్యునోగ్లోబులిన్ ఉందో పేర్లతో సహా, ఏటా సెప్టెంబరు 28న రేబిస్ దినం నాడైనా వెయ్యండి.

వేసేటప్పుడు రెండు విషయాలు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పేపరు మడత మీద పడకూడదు. మేం దాన్ని ఫోన్లో ఫొటో తీసి గ్రూపులో పెట్టుకుంటాం, మడత మీద పడితే మధ్య వరుస కనబడదు, కిందటిసారి మీరు వేసిన డెంగ్యూ సలహాల్లో సరిగ్గా ప్లేట్‌లెట్ల లైనే మడతలో పోయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఆపరేటర్,
తాడేపల్లిగూడెం